నున్నటి నేల వెతుక్కుంటూ

మా అన్నయ్య మనవరాలు హారిక బెంగుళూరులో చదువుకుంటోంది. సెలవులకి విజయనగరం వచ్చినప్పుడల్లా పిల్ల కంటే ముందు దాని స్కేట్‌బోర్డు ఇంట్లోకి వస్తుంది. గుమ్మం పక్కన గోడకి ఆనించి పెడితే మా వదిన దానికి కాలు తగిలించుకుని తిట్టడం, తిట్టిన నోటితోనే దాన్ని గుడ్డతో తుడిచి మంచం కింద పెట్టడం మామూలే. మొన్న వచ్చినప్పుడు ఒక సాయంత్రం, "మామ్మా, నీకో మంచి నేల చూపిస్తాను రా" అని నన్ను కారెక్కించింది. నా చక్రాల కుర్చీ మడిచి వెనకాల పెట్టింది. ఊరి చివర కొత్తగా వేసిన లేఅవుటుకి తీసుకుపోయింది. ప్లాట్లు అమ్ముడైనట్టున్నాయి గాని ఒక్క ఇల్లూ లేవలేదు. హద్దురాళ్ళు, రంగులేసిన ఆర్చి, ఎవరూ కూర్చోని సిమెంటు బల్లలు, వాటి మధ్య అద్దంలాంటి నల్లటి రోడ్లు. పిల్ల ఆ రోడ్డు మీద ఒక కాలు చెక్క మీద పెట్టి రెండో కాలితో నేలని తన్ని పోతూంటే, దాని జుట్టు వెనక్కి ఎగురుతూంటే, నేను కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోయాను.

కాసేపటికి ఆయాసపడుతూ వచ్చి నా కాళ్ళ దగ్గర కూలబడి, నీళ్ళు తాగి, తను తిరిగిన చోట్లన్నీ చెప్పుకొచ్చింది. బెంగుళూరులో సిమెంటుతో కట్టిన పెద్ద గుంత ఉందట, అందులోకి దిగడానికి మొదటిసారి గుండె జారిపోయిందట. గోవాలో ఇంకోటి ఉందిగాని సముద్రం గాలికి ఇసక వచ్చి పడుతుందట, ముందు ఊడ్చుకుంటే గాని చక్రం తిరగదట. చెన్నై పక్కన కోవళంలో జాలరి పిల్లలు తెల్లారకముందే వచ్చేసి వీళ్ళకి చోటివ్వరట. మధ్యప్రదేశ్‌లో ఎక్కడో పొలాల మధ్య పల్లెటూళ్ళో కూడా ఒకటుందట, అక్కడికి రైలు, బస్సు, ట్రాక్టరు మారి వెళ్ళిందట. ఇన్ని ఊళ్ళు తిరిగిన పిల్ల ఒక్క గుడి గురించి చెప్పలేదు, ఒక్క తిండి గురించి చెప్పలేదు. అదే అడిగితే నవ్వింది. "ఏ ఊరెళ్ళినా ముందు నేల చూస్తాను మామ్మా. గరుకా, నునుపా, ఎక్కడ వాలుంది, ఎక్కడ పగిలింది. ఊరు తరవాత" అంది.

ఆ మాట విన్నాక నాకు ఇంకేమీ వినబడలేదు. నేను పుట్టి పెరిగిన సాలూరు నాకు తెలిసింది అలాగే. గుళ్ళూ సినిమాహాళ్ళూ కాదు, నేలలు. ఏ అరుగు నునుపు, ఏ వసారాలో గచ్చు లేచిపోయింది, ఏ సందులో కంకర పోశారు అన్నది నా అరచేతులకి తెలుసు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ ఊరు నా అరచేతుల్లోంచే గుర్తుకొస్తుంది.

నాకు ఊహ తెలియని వయసులో జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, రెండు కాళ్ళూ వెనక్కి రాలేదు. అప్పటికి మా వైపు పోలియో చుక్కల మందు గురించి తెలిసినవాళ్ళు తక్కువ. మాది షావుకార్ల వీధిలో వ్యాపారం చేసుకునే కుటుంబం. ముందు కొట్టు, మధ్యలో ఇల్లు, వెనక గొడౌను. కొండల మీంచి వచ్చే చింతపండు, పసుపు, కొండచీపుర్లు నాన్న కొని లారీలకెక్కించేవారు. చింతపండు రోజుల్లో ఇంటినిండా ఆ పుల్లటి వాసనే. తలంటుకున్నా పోయేది కాదు. పొద్దున్నే వీధిలోకి వినబడే మొదటి చప్పుడు కూడా కోడి కూత కాదు, లారీ స్టార్టు చేసిన చప్పుడు. కొండెక్కి ఒరిస్సా వైపు పోయేవి కొన్ని, రాజాం, బొబ్బిలి వైపు పోయేవి కొన్ని. సగం ఊరికి లారీలతోనే బతుకు కాబట్టి డీజిలు, గ్రీజు వాసన కూడా మాకు పూలవాసనంత మామూలు.

నన్ను పెంచింది నాయనమ్మ. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. నడుముకి దోపుకున్న డబ్బీలోంచి నశ్యం పట్టు తీసి పీల్చి, తుమ్మి, ఆ తుమ్ముతోనే ఇల్లంతా నిద్ర లేపేది. రోజంతా కోడళ్ళ మీద, గుమస్తాల మీద, కొండల నుంచి సరుకు తెచ్చేవాళ్ళ మీద అరిచి అరిచి, దీపాలు పెట్టే వేళకి నా దగ్గరికొచ్చి కూర్చునేది. ఆముదం గోరువెచ్చ చేసి నా కాళ్ళకి పట్టించేది. పాదం నుంచి తొడ దాకా, తొడ నుంచి పాదం దాకా, పిండి పిసికినట్టు పిసికేది. "రేపు సూడు, లేసి నడుస్తాది నా తల్లి. పైడితల్లికి మొక్కున్నాను. ఊరికే పోద్దేటి?" అనేది. పైడితల్లి పేరే నాకు పెట్టారు, అందరికీ పైడమ్మని. ఆ "రేపు" ఎన్నేళ్ళయినా రాకపోయినా నాయనమ్మ ఒక్కసాయంత్రం కూడా మానలేదు. నాకు ఆ నమ్మకం లేదని నేనెప్పుడూ చెప్పలేదు. ఆ చేతుల కింద హాయిగా ఉండేది, అంతే.

అయిదో తరగతి దాకా నా చదువుకి అడ్డు రాలేదు. బడి మా వీధి మొదట్లోనే, నాన్నో అన్నయ్యో ఎత్తుకుని దింపేసేవారు. హైస్కూలు మాత్రం రైసుమిల్లు దాటి, సత్రం దాటి, లారీలు ఆగే చోటు కూడా దాటి ఉంది. అన్నయ్య సూర్నారాయణ అప్పటికే అక్కడ చదువుతున్నాడు. "సైకిలు మీద నాను తీసుకెల్తాను" అన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "ఎదుగుతున్న గుంటని రోడ్డు మీద అందరి ముందూ ఎత్తుకోడమేటిరా, దించడమేటిరా? చదివింది చాల్లే, కాళ్ళొచ్చాక సూద్దాం" అంది. తల్లి మాట మీద మాట అనే అలవాటు నాన్నకి లేదు. అలా ఆ వేసవి తరవాత నేను ఇంట్లోనే ఉండిపోయాను. గొడౌనులో కూలికొచ్చే ఆడవాళ్ళతో పాటు కూర్చుని చింతపండులో గింజలు తీసేదాన్ని. వాళ్ళు మంచివాళ్ళే, కబుర్లు చెప్పేవారు. కాని పొద్దున్న పూట మా వీధిలోంచి ఆడపిల్లలు పుస్తకాలు గుండెకి హత్తుకుని పోతూంటే, వాళ్ళ మాటలు వినబడినంతసేపూ నా చేతులు ఆగిపోయేవి. అమ్మ అది చూసేది. చూసి వంటింట్లోకి పోయేది.

ఇలాంటప్పుడు వచ్చాడు మా చిన్నమావ, అమ్మ తమ్ముడు జగన్నాథం. పాతపట్నంలో వాళ్ళ ఇల్లు, సాలూరులో లారీ బుకింగు ఆఫీసులో పని. పనికంటే కబుర్లెక్కువ. ఒరియా మాటలు మధ్యమధ్యలో కలిపి మాట్లాడతాడని అమ్మ తిడుతూండేది. ఆ రోజు గొడౌనులో లోడు వేయించడానికి వచ్చి, నా పక్కన చింతపండు బుట్ట మీద కూర్చుని, చాలాసేపు నా వంక చూశాడు. "ఏటే పైడీ, ముసల్దాన్నాగ అలగ కూకున్నావు?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన లేచి వెళ్ళిపోయాడు.

తరవాతి వారం లారీ షెడ్డులో పారేసిన పాత బేరింగులు నాలుగు, ఒక చెక్క పెట్టె పట్టుకొచ్చాడు. పెట్టె పగలగొట్టి పలకలు చేసి, కింద రెండు కర్రలు అడ్డంగా కొట్టి, వాటి చివర్లకి బేరింగులు బిగించాడు. మొదటిది నేను కూర్చోగానే మధ్యకి విరిగిపోయింది. రెండోదానికి ఒక చక్రం తిరగలేదు, కూర్చున్నచోటే గుండ్రంగా తిరిగి కళ్ళు తిరిగాయి. "మావా, ఇది బండి కాదు, తిరగలి" అని అన్నయ్య నవ్వాడు. మూడోది మందం చెక్కతో చేశాడు. పైన గోనెపట్టా మడిచి కుట్టాడు. చేతులతో నేలని నెట్టుకోవాలి కదా, అరచేతులు చీరుకుపోకుండా పాత హవాయి చెప్పులు కోసి, చేతులకి తొడుక్కునేలా పట్టీలు వేశాడు.

నన్ను ఎత్తి దాని మీద కూర్చోబెట్టి, "ఆస్తే, ఆస్తే... మెల్లగా నెట్టు" అన్నాడు. నెట్టాను. గొడౌను సిమెంటు నేల మీద బేరింగులు గరగరమన్నాయి. చింతపండు బస్తాలు రెండువైపులా వెనక్కి జరిగాయి. ఇంకోసారి నెట్టాను. గోడ దగ్గరికి పోయాను. తిరిగి వచ్చాను. అప్పటిదాకా నన్ను ఎవరు ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉండేదాన్ని. ఎండ వచ్చినా, చీమలు కుట్టినా ఎవరో వచ్చి తియ్యాలి. ఆ వేళ మొదటిసారి ఒకచోట నుంచి ఇంకోచోటికి నేనే పోయాను. ఎందుకు పోయావంటే చెప్పలేను. పోవాలనిపించి పోయాను. గింజలు తీసే ఆడవాళ్ళు పని ఆపి, "ఓలమ్మ, ఓలమ్మ" అంటూ నవ్వారు. చిన్నమావ కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

బేరింగుల చప్పుడు మామూలు చప్పుడు కాదు. నాయనమ్మ మధ్యాహ్నం నిద్రలోంచి లేచి వచ్చింది. గొడౌను గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. చేతులకి చెప్పులు, నేలకి ఆనుకుని కూర్చున్న మనిషి. ఆమె ముఖం అలా మారిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒరే జగ్గా! లారీల కాడ అడుక్కునే అప్పన్న బండిరా ఇది! దీని మీదా కూకోబెట్టావు నా మనవరాల్ని? మా ఇంట అన్నం నేదేటి? సేతులకి సెప్పులేటి?"

"అది కాదత్తా, పిల్లకి..."

"నోరుముయ్యి. రేపు నడిసే పిల్లని ఇయ్యాల దేకిస్తావా?"

ఆ మాట అనేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకప్పుడు అర్థం కాలేదు గాని తరవాత తెలిసింది. ఆమెకి కోపం అప్పన్న మీద కాదు, పరువు పోతుందని కూడా కాదు. ఆ బండి ఎక్కడమంటే కాళ్ళు ఇంక రావని ఒప్పుకోవడమే. ఇన్నేళ్ళ ఆముదం, ఇన్నేళ్ళ మొక్కు అన్నీ ఆ చెక్క కిందికి పోయినట్టే. బండిని అటక మీదికి ఎక్కించేశారు. చిన్నమావ కొన్నాళ్ళు మా ఇంటి వైపు రాలేదు.

దాన్ని దింపింది అమ్మ. అమ్మ నాయనమ్మ ఎదుట నిలబడి మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, నాన్న కొట్టుకి వెళ్ళారు. అమ్మ నిచ్చెనేసుకుని అటకెక్కి, దుమ్ము పట్టిన బండిని చీర కొంగుతో తుడిచి, నాయనమ్మ ముందు నేల మీద పెట్టింది.

"అత్తా, పిల్ల నడిసినప్పుడు నడుస్తాది. మీ మొక్కు ఎక్కడికీ పోదు. అంతవరకూ బడికి దొర్లుకుంటూ ఎల్తాది. ఇలగ గింజలు తీస్తూ కూకుంటే నాను సూడలేను."

నాయనమ్మ అమ్మ వంక చూడలేదు. నశ్యం డబ్బీ తీసింది, పీల్చలేదు, మళ్ళీ దోపుకుంది. "మీ ఇష్టం. నా కళ్ళతో నాను సూడను" అని పడమటింట్లోకి పోయి పడుకుంది. వద్దని మాత్రం అనలేదు.

ఇంక అన్నయ్యా నేనూ నేల వెతకడం మొదలుపెట్టాం. సాయంత్రాలు వాడు ముందు నడిచేవాడు, నేను వెనక. బేరింగుకి మట్టి పడదు, ఇసక పడదు, గులకరాయి తగిలితే బండి టక్కున ఆగి మనిషి ముందుకి పడుతుంది. దానికి కావలసింది గచ్చు. మా వీధిలో ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి, అరుగులూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. ఆ అరుగుల మీంచి వీధి చివరి దాకా పోవచ్చని కనిపెట్టింది అన్నయ్య. అరుగుకీ అరుగుకీ మధ్య ఎత్తు తేడా ఉన్నచోట చెక్కముక్క వాల్చేవాడు. కొన్నాళ్ళకి ఆ ఇళ్ళవాళ్ళే గోడ మరమ్మతుకి తెచ్చిన సిమెంటులో కాస్త మిగిల్చి అక్కడ వాలు చేసేశారు. ఎవరినీ మేం అడగలేదు. ఒకరు చేసింది చూసి పక్కవాళ్ళు చేశారు. అరుగుల మీద ఆరబెట్టిన వడియాలు, అప్పడాలు నా చప్పుడు వినగానే ఒకవైపుకి జరిగేవి.

వీధి చివర రైసుమిల్లు. దాని సిమెంటు కళ్ళం ఎంత నునుపంటే, దాని మీద మొదటిసారి పోయినప్పుడు నాకు నవ్వాగలేదు. వాన నీళ్ళు పోవడానికి ఒకవైపు కొంచెం వాలుగా కట్టారు. పైన ఒక్కసారి నెడితే చాలు, కింద దాకా అదే పోయేది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, గాలి ముఖానికి తగులుతూంటే, ఆ కాసేపు నాకు కాళ్ళున్నాయో లేవో గుర్తుండేది కాదు. కాని అది ధాన్యం ఆరబోసే చోటు. మిల్లు షావుకారు మమ్మల్ని చూసి గుమ్మంలోంచి కేకేశాడు. "ఏటమ్మా, పంట రోజుల్లో ధాన్యం మీంచి తోలతావేటి?" అక్కడ ధాన్యం కలబెట్టే ఆడవాళ్ళలో పెద్దది సింహాచలమ్మ. కాళ్ళతో ధాన్యంలో చాళ్ళు తీస్తూనే, తలెత్తకుండా, "మేం దారి ఒగ్గేస్తాం బాబూ. అంచు నించి ఎల్తాది, గింజకి తగల్దు" అంది. షావుకారు ఏమనుకున్నాడో, చెయ్యూపి లోపలికి పోయాడు. పంట రోజులొచ్చాయి. కళ్ళం అంతా బంగారంలా ధాన్యం పరిచారు. గోడ వారన నా బండి పట్టేంత మేర మాత్రం ఖాళీగా, చీపురుతో ఊడ్చి ఉంచారు. నేను ఆ ఊళ్ళో చదువుకున్నంతకాలం ప్రతి పంటకీ అలాగే ఉంచారు. సింహాచలమ్మ రాని రోజున కూడా ఉండేది ఆ దారి.

మిల్లు వెనక గుమ్మం దాటితే సత్రం వసారా, పొడుగ్గా, రాతి పలకలతో. అది దాటితే లారీలు ఆగే చోటు. అక్కడి నుంచి హైస్కూలు గేటు కనబడుతుంది. ఆ మధ్యన ఉన్న సందులో మాత్రం కంకర పోసి, తారు వెయ్యకుండా వదిలేశారు. అది మాకు తెలుసు. "ఆ కాస్తా ఎలాగోలా తోసేస్తాను" అన్నాడు అన్నయ్య.

బడి తెరిచిన రోజు అమ్మ నాకు కొత్త పరికిణీ వేసి, జడకుప్పెలు పెట్టింది. నాన్న కొట్టు తెరవకుండా అరుగు మీద నిలబడ్డారు. నాయనమ్మ పడమటింట్లోంచి బయటికి రాలేదు. అరుగులు దాటాం. కళ్ళం దాటాం. సత్రం దాటాం. కంకర మీద మొదటి తోపుకే బేరింగులు రాళ్ళ మధ్యన దిగబడ్డాయి. అన్నయ్య బలంగా తోశాడు. బండి ఆగింది, నేను ఆగలేదు. మోచేతులు చెక్కుకుపోయాయి, పుస్తకాలు రాళ్ళ మీద పడ్డాయి. టీ బడ్డీ దగ్గర లారీవాళ్ళు లేచి నిలబడ్డారు. బడికి పోయే పిల్లలు ఆగి చూస్తున్నారు.

ఆ బడ్డీ పక్కనే తన బండి మీద కూర్చుని ఉన్నాడు అప్పన్న. రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద లేవు. నన్ను చూసి నోరంతా తెరిచి నవ్వాడు. వెక్కిరింపు కాదు, నిజంగా సంతోషమే. "ఓలమ్మో! సాలూరుకి ఇంకో సిన్న లారీ వచ్చినాది! కాని తల్లీ, కంకర మీద మన బళ్ళు నడవవే" అన్నాడు.

మన బళ్ళు. ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి పోదామని అన్నయ్యతో అన్నాను. వాడు కూడా తల దించుకుని బండి తిప్పుతున్నాడు. అప్పుడు వెనకనుంచి తుమ్ము వినబడింది. సత్రం స్తంభం పక్కన నాయనమ్మ నిలబడి ఉంది. ఎండకి కొంగు నెత్తిన కప్పుకుని, కాళ్ళకి దుమ్ము కొట్టుకుని. ఇంటి దగ్గర నుంచి మా వెనకే వచ్చింది.

నన్ను ఎత్తుకుని వెనక్కి తీసుకుపోతుందనే అనుకున్నాను. ఆమె నా వైపు రాలేదు. అప్పన్న ముందుకి పోయి నిలబడింది.

"ఒరే, మరి నువ్వెలగ దాటతావురా ఈ కంకర?"

"నాను దాటనమ్మా" అన్నాడు అప్పన్న. "నాకు అటేపు పనేటుంది? నాకు బడి నేదు కదా."

ఆమె అలాగే నిలబడింది. అప్పన్నని చూసింది, బడి గేటుని చూసింది, నన్ను చూసింది. తరవాత టీ బడ్డీ దగ్గర నిలబడ్డ లారీవాళ్ళ మీద పెద్ద గొంతుతో అరిచింది. "సూస్తా నిలబడ్డారేటిరా, బొమ్మల్లాగ? డ్రమ్ములు ఎక్కించే పలకలున్నాయి కదా మీ కాడ, బేగి పట్రండి రెండు!"

రెండు పొడుగాటి పలకలు వచ్చాయి. ఒకటి కంకర మీద పరిచారు. నేను దాని మీద ముందుకి పోయాను. రెండోది దాని ముందు పరిచారు. దాని మీదికి పోయాక వెనకదాన్ని తీసి ముందు పెట్టారు. ఒక చివర అన్నయ్య పట్టుకున్నాడు. రెండో చివర పట్టుకోవడానికి లారీ క్లీనరు వస్తే నాయనమ్మ వాడి చెయ్యి తోసేసి తనే వంగింది. పట్టుచీర కట్టుకుని షావుకార్ల ఇంటి పెద్దావిడ నడివీధిలో పలక మోస్తూంటే అప్పన్న మాత్రం వెనకనుంచి, "అమ్మా, ఎడమకి! ఎడమకి! రాయున్నాది" అని దారి చెబుతూనే ఉన్నాడు. నాయనమ్మ అతని మాట ప్రకారమే జరిపింది. అలా గేటు దాకా పోయాం. అక్కడ ఆమె నడుం పట్టుకుని నిలబడి, ఆయాసంతో, "పో. బాగా సదువుకో" అంది. నేను వెనక్కి తిరిగి చూస్తే ఏడుస్తుందేమోనని చూడలేదు. నాకు ఏడుపొస్తుందేమోనని కూడా.

ఆ పలకలు లారీవాళ్ళు తిరిగి తీసుకోలేదు, సత్రం గోడకి ఆనించి ఉంచారు. రోజూ పొద్దునా సాయంత్రం నాయనమ్మ వచ్చేది. పోనుపోను నా తరగతి పిల్లలు ఒక చివర పట్టుకునేవారు, రెండో చివర మాత్రం ఆమెదే. బండిని చివరిదాకా "ఆ దరిద్రపుగొట్టు బండి" అనే అంది. సాయంత్రం నా కాళ్ళకి ఆముదం పట్టించడమూ మానలేదు, "రేపు" అనడమూ మానలేదు. ఆమెలో రెండూ ఎలా ఇమిడాయో నాకిప్పటికీ అబ్బురమే. వానాకాలంలో మా అరుగు చివర అప్పన్నకి కూర్చునే చోటు దొరికింది. ఎవరిచ్చారో ఇంట్లో ఎవరూ అడగలేదు.

నేను చదువుకున్నాను. టీచరు ట్రైనింగు అయి, బొబ్బిలిలో ఆడపిల్లల బడిలో పనిచేసి, అక్కడే రిటైరయ్యాను. బండి పోయి చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిలొచ్చింది, తరవాత కుర్చీ, తరవాత మూడు చక్రాల స్కూటరు. ఆ రోజులే మంచివని నేననను. ఇప్పుడు ఏ పిల్లకీ ఆ జ్వరం రావడం లేదు. ఆ చుక్కల మందు కనిపెట్టినవాళ్ళకి, ఇంటింటికీ తిరిగి పోసిన నర్సమ్మలకి నేను మనసులో దండం పెట్టుకోని రోజు లేదు. నేలలు కూడా ఇప్పుడున్నంత నునుపుగా అప్పుడు లేవు. కాకపోతే ఇప్పటి నేలలకి గేట్లున్నాయి. ఆ లేఅవుటులో హారిక ఇంకో రౌండు వెయ్యబోతూంటే వాచ్‌మన్ వచ్చి ఇక్కడ ఆడకూడదు, వెళ్ళిపొమ్మన్నాడు. అతని పని అతను చేశాడు. పిల్ల మూతి ముడుచుకుని, "ఎక్కడికెళ్ళినా ఇంతే మామ్మా" అంటూ బోర్డు చంకన పెట్టుకుంది. దానికి సింహాచలమ్మ గురించి చెప్పాను. పంటంతా పరిచిన కళ్ళంలో నా కోసం ఊడ్చి ఉంచిన దారి గురించి చెప్పాను. కారులో ఇంటికి వచ్చేదాకా అది ఇంకా ఇంకా అడుగుతూనే ఉంది. నేను చెప్పిన ఆఖరి సంగతి ఇది.

నేను హైస్కూలు చివరి తరగతిలో ఉండగా మునిసిపాలిటీవాళ్ళు ఆ కంకర సందుకి సిమెంటు రోడ్డు వేశారు. తడారే దాకా తాళ్ళు కట్టారు. తాళ్ళు విప్పిన రోజు పొద్దున్న ఎప్పటిలాగే నాయనమ్మ సత్రం చివర నిలబడి ఉంది. పలకలు తియ్యబోయి ఆగింది. నేను బండిని రోడ్డు మీదికి నెట్టాను. గరగరమని సాగిపోయింది. అంత బాగా సాగుతుంటే నాకే ఆశ్చర్యమేసి, కొంతదూరం పోయి ఆగి వెనక్కి చూశాను. నాయనమ్మ ఇంకా అక్కడే ఉంది. కోపంగా ఉన్నట్టు ముఖం పెట్టుకుంది గాని, మోయడానికి ఏమీ లేక ఆమె రెండు చేతులూ గాలిలో ఊరికే వేలాడుతున్నాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు కొంగుతో తుడుచుకుంది. నేను రమ్మని పిలిచాను. "నీతో నడవడానికి, నాకు వేరే పని నేదేటే?" అని గొణుక్కుంటూనే వచ్చింది. నా పక్కనే, నా వేగానికి సరిపోయేలా, గేటు దాకా నడిచింది.